మయోనైజ్ బదులు ఏం వేయాలి? ముందు అది ఆ వంటలో ఏ పని చేస్తోందో చూడాలి

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో గానీ, ఒంగోలు కర్నూలు రోడ్డులో గానీ సాయంత్రం పూట ఏ ఫాస్ట్‌ఫుడ్ బండి దగ్గర నిలబడినా మూతికి సన్నటి ముక్కున్న ప్లాస్టిక్ సీసా, అందులో తెల్లటి సాస్ కనిపిస్తాయి. షవర్మాలో అదే, మోమోల పక్కన అదే, రొయ్యల వేపుడు మీదా అదే. ఇప్పుడది బండి దాటి ఇంటి ఫ్రిజ్‌లోకి వచ్చింది. పొద్దున పిల్లల బాక్సులో బ్రెడ్ మీద, రాత్రి చపాతీ రోల్‌లో, ఆదివారం చికెన్ పక్కన మయోనైజ్ ఉండాల్సిందే. పండగకో పెళ్లికో ఒక చెంచా తింటే వచ్చే ముప్పేమీ లేదు. రోజువారీ వాడకంగా మారినప్పుడే లెక్క చూసుకోవాల్సి వస్తుంది.

ఆ లెక్క ఇలా ఉంటుంది. అసలైన మయోనైజ్‌లో 100 గ్రాములకు సుమారు 75 గ్రాములు కొవ్వే. ఒక పెద్ద చెంచా, అంటే 15 గ్రాములు తింటే దాదాపు 11 గ్రాముల కొవ్వు, 100 కేలరీలు. ఒక శాండ్‌విచ్‌కు రెండు పెద్ద చెంచాలు తేలిగ్గా పడతాయి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ పళ్లెంలో నూనె, నెయ్యి వగైరా అన్నీ కలిపి 27 గ్రాములు చాలన్నారు. ఆ ఒక్క శాండ్‌విచ్‌తోనే 22 గ్రాములు అయిపోతే, ఇక కూరకు, తిరగమాతకు, దోసెకు మిగిలేది ఒక చిన్న చెంచా నూనె.

దీనితో పాటు జనం కలగాపులగం చేసుకుంటున్న మరో సంగతి ఉంది. కేరళ 2023 జనవరిలో, తెలంగాణ 2024 అక్టోబరు చివర్లో, తమిళనాడు 2025 ఏప్రిల్‌లో పచ్చిగుడ్డు మయోనైజ్‌ను నిషేధించాయి. ఆ నిషేధాలకు కారణం కొవ్వు కాదు, ఉడకని గుడ్డులో పెరిగే సాల్మొనెల్లా లాంటి సూక్ష్మజీవులు. ఆ వార్తలు చూసి చాలా ఇళ్లు గుడ్డు లేని మయోనైజ్‌కు మారాయి. అది మంచిదే, కానీ దానివల్ల తీరింది ఒక సమస్యే. గుడ్డు తీసేసినంత మాత్రాన నూనె తగ్గదు. ఇంటర్నెట్‌లో తిరిగే పాల మయోనైజ్‌నే చూడండి: 100 మిల్లీలీటర్ల పాలు, 200 మిల్లీలీటర్ల నూనె. తూకం వేస్తే మూడింట రెండు వంతులకు కాస్త తక్కువగా నూనే ఉంటుంది.

నూనె తగ్గిస్తే ఎందుకు నీళ్లవుతుంది?

మయోనైజ్ గట్టిదనానికి కారణం గుడ్డు అని చాలామంది అనుకుంటారు. గుడ్డుసొనలోని లెసిథిన్ చేసేది నూనె బొట్లు మళ్లీ ఒకదాన్నొకటి అంటుకుని విడిపోకుండా చూడటం. గట్టిదనం మాత్రం ఆ బొట్ల రద్దీ వల్ల వస్తుంది. కొద్దిపాటి నీటిలో లక్షల నూనె బొట్లు కిక్కిరిసి, కదలడానికి చోటు లేక నిలబడిపోతాయి. అందుకే ఇంట్లో చేసేటప్పుడు నూనె పోసేకొద్దీ గట్టిపడుతుంది. సగం నూనెతో ఆపేస్తే బొట్ల మధ్య ఖాళీ ఉండిపోయి మజ్జిగలా జారుతుంది. బజారులో తక్కువ కొవ్వు సాస్ చేసేవాళ్లు ఆ ఖాళీని నీళ్లతో నింపి, నీళ్లను పిండిపదార్థంతో, బంకతో గట్టిపరుస్తారు. సీసా వెనక 1422, 1442, 415 అనే అంకెలు కనిపిస్తే అవే: మొదటి రెండూ మార్చిన స్టార్చ్‌లు, మూడోది జాంతన్ గమ్. వాటిలో భయపడాల్సిందేమీ లేదు. అదే పని ఇంట్లో పుట్నాలపప్పుతో, బియ్యప్పిండితో, ఉడికించిన శనగలతో చేసుకోవచ్చన్నదే ఇక్కడ అందుకోవాల్సిన కిటుకు.

ఇంతకీ మయోనైజ్ వంటలో చేసే పని ఒకటి కాదు. బ్రెడ్ మీద రాస్తే నూనె పొరలా నిలిచి, టమాటా, కీరదోస నీళ్లు బ్రెడ్‌లోకి దిగకుండా ఆపుతుంది. వేపుడు పక్కన డిప్‌గా పెడితే కారాన్ని, వేడిని చల్లారుస్తుంది. క్యాబేజీ తరుగులో కలిపితే ముక్కలన్నిటికీ పట్టుకుని విడిపోకుండా ఉంచుతుంది. గ్రిల్ శాండ్‌విచ్‌లో వేడికి విరగకుండా నిలబడుతుంది. ఈ నాలుగూ చేసే ప్రత్యామ్నాయం ఒక్కటి లేదు. ‘మయోనైజ్ బదులు పెరుగు వాడండి’ అనే సలహా విని ప్రయత్నించినవాళ్లు నిరాశపడటానికి కారణం ఇదే. పెరుగు డిప్‌గా అద్భుతంగా ఉంటుంది. అదే పెరుగు బ్రెడ్‌ను అరగంటలో ముద్ద చేస్తుంది, పెనం మీద విరిగిపోతుంది.

పుట్నాలపప్పు: ఇంట్లో ఉన్నదే, వాడనిదే

నెల్లూరు కారం దోసె మీద చల్లే పప్పులపొడికి ఆధారమైన పుట్నాలపప్పు ఈ పనికి అన్నిటికన్నా తేలిగ్గా ఒదుగుతుంది. ముందే వేయించి ఉంటుంది కాబట్టి మళ్లీ ఉడికించనక్కర్లేదు. 100 గ్రాముల్లో కొవ్వు 5, 6 గ్రాములు, ప్రొటీన్ 20 గ్రాములకు పైగా. మిగతాదంతా ఎక్కువగా పిండిపదార్థం. నీళ్లు తగలగానే ఆ పిండి ఉబ్బి సాస్‌ను గట్టిపరుస్తుంది.

కొలతలు: పుట్నాలపప్పు 50 గ్రాములు, టోన్డ్ పాలతో తోడుపెట్టిన పెరుగు 150 గ్రాములు, పచ్చిమిర్చి ఒకటి, వెల్లుల్లి ఒక రెబ్బ, నిమ్మరసం ఒక చిన్న చెంచా, ఉప్పు పావు చిన్న చెంచా, వేరుశనగ నూనె ఒక చిన్న చెంచా, నీళ్లు 40 నుంచి 50 మిల్లీలీటర్లు. ముందు పప్పును మిక్సీ చిన్న జార్‌లో పొడిగా, మెత్తగా పట్టాలి. ఇక్కడే ఎక్కువమంది తొందరపడతారు. పప్పు, పెరుగు, నీళ్లు అన్నీ ఒకేసారి వేసి తిప్పితే రవ్వ మిగిలిపోతుంది. ఎంత తిప్పినా పోదు, ఎందుకంటే ద్రవంలో తేలే పలుకు బ్లేడుకు సరిగ్గా దొరకదు. పొడి చేసి, జల్లించి, ఆ తర్వాత వెల్లుల్లి, మిర్చి, నీళ్లు వేసి ముద్ద చేసి, చివర పెరుగును చెంచాతో కలపాలి.

కలిపిన వెంటనే ఇది కాస్త పలచగా కనిపించాలి. పదిహేను నిమిషాల్లో పిండి నీళ్లు పీల్చి గట్టిపడుతుంది. మొదట్లోనే మయోనైజ్ చిక్కదనం తెచ్చుకుంటే తినే వేళకు పిడచగా మారి గొంతుకు అడ్డం పడుతుంది. ఈ కొలతకు సుమారు 250 గ్రాముల సాస్ వస్తుంది. అందులో కొవ్వు మొత్తం 12 గ్రాములు, అంటే 5 శాతం లోపు. పెద్ద చెంచాకు ఒక గ్రాము కూడా పడదు.

నూనె తగ్గించడమే ధ్యేయమైతే ఆ ఒక్క చెంచా నూనె ఎందుకు? వెల్లుల్లి, మిర్చి, ఆవాల వాసనల్లో చాలా భాగం నూనెలోనే కరుగుతాయి. నూనె లేని సాస్‌లో పులుపు, కారం నాలుక మీద సూదిలా గుచ్చుకుని వెంటనే పోతాయి. నూనె ఉంటే అవి మెత్తబడి కాసేపు నిలుస్తాయి. 250 గ్రాములకు 5 మిల్లీలీటర్ల నూనె ఆ పని చేస్తుంది. అదే నూనెలో పావు చెంచా ఆవాలు, రెండు కరివేపాకు రెబ్బలు తిరగమాత పెట్టి చల్లారాక కలిపితే తిన్నవాళ్లకు నూనె ఇంకా ఎక్కువ ఉందనిపిస్తుంది. కొవ్వు తగ్గించిన ఏ సాస్‌లోనైనా పులుపు, వెల్లుల్లి మామూలు వంటకంలో వేసేదానికి సగంతో మొదలుపెట్టి, రుచి చూసి పెంచుకోవాలి. ఉప్పు విషయంలో మరీ జాగ్రత్త అవసరం. రుచి చప్పగా ఉందనిపించి చాలామంది ఉప్పు పెంచుతూ పోతారు. కొవ్వు తగ్గి రక్తపోటు పెరిగితే చేసిన మేలేమీ లేదు.

నిమ్మకాయలకు పొదలకూరు, గూడూరు ప్రాంతం పేరుపడింది కాబట్టి ఇక్కడ కొరత మాట అరుదే. అయినా ఎండాకాలంలో ధర ఆకాశాన్నంటిన రోజుల్లో నిమ్మ బదులు 30 గ్రాముల పచ్చిమామిడి ముక్క వేసి రుబ్బవచ్చు. నెల్లూరు చేపల పులుసులో మామిడి ముక్క ఏం చేస్తుందో తెలిసినవాళ్లకు ఈ పులుపు కొత్తగా ఉండదు. పైగా మామిడిలోని పెక్టిన్ సాస్‌కు కాస్త చిక్కదనం కూడా ఇస్తుంది. చింతపండు మాత్రం వద్దు, రంగు పాడవుతుంది.

బ్రెడ్ మీద రాయడానికి, దోసె మీద పూయడానికి, చపాతీ రోల్‌కు ఈ సాస్ సరిపోతుంది. పిండిపదార్థం కూరగాయల తడిని కొంత పీల్చుకుంటుంది కాబట్టి పెరుగు సాస్‌లా బ్రెడ్‌ను తడపదు.

వడకట్టిన పెరుగు: పాలు ఏవన్నదే ముఖ్యం

డిప్‌కు వడకట్టిన పెరుగును మించింది లేదు. కానీ ఇక్కడ ఒక పొరపాటు కంటికి కనపడకుండా జరిగిపోతుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇళ్లకు వచ్చేది ఎక్కువగా గేదె పాలు. వాటిలో కొవ్వు 6 నుంచి 7 శాతం దాకా ఉంటుంది. ఆ పెరుగును గుడ్డలో కడితే కారిపోయేది నీళ్లే, కొవ్వు దాదాపు అంతా గుడ్డలోనే ఉండిపోతుంది. అర కిలో గేదె పెరుగు 250 గ్రాములకు దిగేసరికి కొవ్వు 12 నుంచి 14 శాతానికి చేరుతుంది. అదే 3 శాతం కొవ్వున్న టోన్డ్ పాల పెరుగైతే 6 శాతం దగ్గర ఆగుతుంది. 1.5 శాతం ఉండే డబుల్ టోన్డ్ పాలైతే అందులో సగమే. ఇంట్లో గేదె పాలే వాడుతుంటే కాచి చల్లార్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, పైన కట్టిన మీగడ మొత్తం తీసేసి తోడుపెట్టాలి. మీగడ తీసినా కొంత కొవ్వు పాలలో మిగులుతుంది, అయినా తేడా బాగానే ఉంటుంది.

ఎండాకాలం నెల్లూరులో 40 డిగ్రీలు దాటే రోజుల్లో పెరుగు మూటను వంటగది కొళాయికి వేలాడదీస్తే మూడు నాలుగు గంటల్లో పుల్లబడిపోతుంది. నీళ్లు కారుతున్నంతసేపూ తోడు పనిచేస్తూనే ఉంటుంది. కనుక తోడుకున్న వెంటనే, ఇంకా తియ్యగా ఉండగానే, పెరుగును ఫ్రిజ్‌లో పెట్టి గంటసేపు చల్లబరచాలి. చిల్లుల గిన్నెలో రెండు మడతల పలచటి నూలుగుడ్డ పరిచి, పెరుగు పోసి, కింద ఒక లోతు గిన్నె పెట్టి, పైన పళ్లెం మూసి మొత్తం ఫ్రిజ్‌లోనే ఉంచాలి. అర కిలో పెరుగు నాలుగు గంటల్లో 250 గ్రాములకు, రాత్రంతా ఉంచితే 200 నుంచి 220 గ్రాములకు వస్తుంది. డిప్‌కు నాలుగు గంటలు చాలు. బ్రెడ్‌కు రాత్రంతా ఉంచినది కావాలి. గుడ్డను సబ్బు వాసన లేకుండా వేడినీళ్లలో ఉడికించి ఆరబెట్టుకోవాలి. పెరుగు ఆ వాసనను ఇట్టే పట్టేస్తుంది. కింద చేరిన తేట పారబోయనక్కర్లేదు. చపాతీ పిండి కలపడానికి నీళ్ల బదులు వాడితే చపాతీలు మెత్తగా వస్తాయి.

200 గ్రాముల వడకట్టిన పెరుగుకు అర చిన్న చెంచా ఆవపిండి, పావు చెంచా మిరియాలపొడి, అర చెంచా పంచదార, ఒక చెంచా నూనె, పావు చెంచా ఉప్పు. నిమ్మరసం వద్దు, పెరుగులోని పులుపు చాలు. వాసన కావాలంటే నిమ్మ తొక్క పచ్చటి పైపొరను కాస్త తురిమి వేయాలి. ఆవపిండిని మాత్రం నేరుగా పెరుగులో కలపకూడదు. ఆవఘాటు గింజలో సిద్ధంగా ఉండదు. నీళ్లు తగిలాక ఒక ఎంజైమ్ పనిచేస్తేనే పుడుతుంది, దానికి పది నిమిషాలు పడుతుంది. పులుపు ముందే తగిలితే ఎంజైమ్ ఆగిపోయి చేదు ఒక్కటే మిగులుతుంది. ఒక చెంచా చల్లటి నీళ్లలో ఆవపిండి నానబెట్టి, పది నిమిషాలయ్యాక పెరుగులో కలిపితే ఆవ పెట్టిన పచ్చడిలో ఉండే ఘాటు వస్తుంది. మయోనైజ్‌కు దగ్గరగా అనిపించే రుచి ఇందులో ఎక్కువ భాగం ఈ ఆవదే.

వడకట్టిన పెరుగును మిక్సీలో వేయకూడదు. బ్లేడు వేగానికి పెరుగు అల్లిక తెగిపోయి, గంటల తరబడి తీసిన గట్టిదనం పది సెకన్లలో పోతుంది. చెంచాతోనో కవ్వంతోనో నెమ్మదిగా కలపాలి. ఉప్పు వడ్డించేటప్పుడే వేయాలి. ముందే వేస్తే అది పెరుగులో మిగిలిన నీళ్లను బయటకు లాగుతుంది, గంటకల్లా పైన తేట తేలుతుంది. క్యాబేజీ, కీరదోస సలాడ్‌లో అయితే ఈ సమస్య రెట్టింపు, ఎందుకంటే ఉప్పు కూరగాయల నీళ్లను కూడా లాగుతుంది. తరిగిన క్యాబేజీకి ముందే కాస్త ఉప్పు పట్టించి ఇరవై నిమిషాలు ఉంచి, గట్టిగా పిండి, అప్పుడు సాస్ కలిపితే అడుగున నీళ్లు చేరవు.

మైపాడు, కొత్తపట్నం వైపు నుంచి వచ్చే తాజా రొయ్యలు, చేపల వేపుడు పక్కన ఈ ఆవపెరుగు మయోనైజ్ కన్నా బాగా ఒదుగుతుంది. వేపుడులో నూనె ఎలాగూ ఉంటుంది, పక్కనున్న దానికి పులుపూ చల్లదనమూ ఉంటే చాలు.

వేడి తగిలే చోట

గ్రిల్ శాండ్‌విచ్‌లో, ఓవెన్‌లో పెట్టే బ్రెడ్ మీద పెరుగు పనికిరాదు. పులుపూ వేడీ కలిస్తే పెరుగులోని ప్రొటీన్ ముద్దకట్టి నీళ్లు విడిపోతాయి. మజ్జిగ పులుసు కాచేవాళ్లకు దీని మందు తెలుసు: శనగపిండి. 250 గ్రాముల పెరుగుకు రెండు చిన్న చెంచాల శనగపిండి కలిపి, సన్నటి సెగ మీద ఆపకుండా తిప్పుతూ కాస్తే విరగదు. పిండి కణాలు ఉబ్బి ప్రొటీన్ల మధ్య అడ్డం నిలబడటమే కారణం. మజ్జిగ పులుసుకు ఇది సరే. తెల్లటి సాస్ కావాలంటే శనగపిండి పచ్చివాసన, పసుపు రంగు ఇబ్బందే.

అక్కడికి ఉడికించిన గుడ్డు సాస్ బాగుంటుంది. 200 మిల్లీలీటర్ల టోన్డ్ పాలు, రెండు పెద్ద చెంచాల (15 గ్రాముల) మొక్కజొన్న పిండి, ఒక గుడ్డు. పిండిని చల్లటి పాలలో ఉండలు లేకుండా కలిపి, గుడ్డును బాగా గిలకొట్టి అందులో వడకట్టి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టాలి. గరిటె అడుగుకు తగులుతూ ఉండాలి. నాలుగైదు నిమిషాల్లో ఒక్కసారిగా చిక్కబడుతుంది. ఒకటి రెండు బుడగలు కనిపించి, గరిటె వెనక వేలితో గీసిన గీత చెరగకుండా నిలబడితే, మరో నిమిషం తిప్పి దించాలి. పిండి లేకుండా గుడ్డు, పాలు మాత్రమే కాస్తే 80 డిగ్రీలు దాటగానే గుడ్డు పలుకులు కడుతుంది. పిండి ఉంటే మెత్తగా నిలుస్తుంది. పూర్తిగా చల్లారాకే ఒక పెద్ద చెంచా వెనిగర్ లేదా నిమ్మరసం, నానిన ఆవపిండి, ఉప్పు కలపాలి. వేడి మీద పులుపు పడితే పాలు విరిగిపోతాయి. చల్లారినప్పుడు జున్నులా బిగుసుకుంటుంది, కంగారు పడనక్కర్లేదు, కవ్వంతో గిలకొడితే మళ్లీ జారుగా అవుతుంది. బియ్యప్పిండితోనూ చేయవచ్చు గానీ కాస్త రవ్వగా ఉంటుంది, చల్లారాక ఇంకా గట్టిగా బిగుస్తుంది.

ఈ సాస్‌లో కొవ్వు 4.5 శాతం దగ్గర ఉంటుంది. గుడ్డు పూర్తిగా ఉడికింది కాబట్టి సాల్మొనెల్లా భయం లేదు. రూపంలో మయోనైజ్‌కు అన్నిటికన్నా దగ్గర ఇదే. పిల్లలకు మొదట ఇది పెడితే గొడవ తక్కువ.

ఇంకా తొందరగా కావాలంటే పది నిమిషాలు ఉడికిన మూడు గుడ్లను 60 గ్రాముల వడకట్టిన పెరుగు, ఆవ, ఉప్పుతో మిక్సీలో మెత్తగా తిప్పుకోవచ్చు. ఇక్కడ గట్టిదనం గుడ్డు ఇస్తుంది కాబట్టి మిక్సీతో నష్టం లేదు. కొవ్వు 9 శాతం. గుడ్లు పావుగంట దాటి ఉడికితే సొన చుట్టూ ఆకుపచ్చ వలయం, గంధకపు వాసన వస్తాయి. కూరలో అది తెలియదు, ఈ సాస్‌లో బాగా తెలుస్తుంది.

శనగల సాస్ గురించి కూడా చెప్పుకోవాలి. ప్రకాశం నల్లరేగడి నేలల్లో శనగ ప్రధాన రబీ పంట, కాబూలీ రకం కూడా ఇక్కడ పండుతుంది. 100 గ్రాముల కాబూలీ శనగలు పది గంటలు నానబెట్టి, వేళ్ల మధ్య నలిపితే వెన్నలా నలిగేంతవరకు కుక్కర్లో ఉడికించాలి. కూరకు ఉడికించినట్టు గింజ నిలిచేలా దించితే రుబ్బాక ఇసుకలా ఉంటుంది. వేడిగా ఉండగానే ఉడికిన నీళ్లు రెండు మూడు పెద్ద చెంచాలు, వేయించిన నువ్వులు ఒక పెద్ద చెంచా, వెల్లుల్లి, నిమ్మరసం, చెంచా నూనె వేసి మెత్తగా రుబ్బాలి. చల్లారాక రుబ్బితే పిండి బిగిసి అంత నునుపు రాదు. కొవ్వు 5 శాతం, పీచు పుష్కలం. షవర్మాలో, రోల్స్‌లో బాగా కుదురుతుంది. సలాడ్‌కు బరువు ఎక్కువవుతుంది.

ఉర్లగడ్డ ఉడికించి పెరుగు, వెల్లుల్లి కలిపి చేసేది కూడా బాగుంటుంది గానీ దాన్ని చేత్తోనే మెదపాలి. మిక్సీలో వేస్తే పిండి కణాలు చితికి జిగురు ముద్దవుతుంది, ఇక దానికి మందు లేదు.

ఆరోగ్యం పేరుతో వచ్చేవి

జీడిపప్పు మయోనైజ్‌కు ఆరోగ్యకరమైనదన్న పేరుంది. 100 గ్రాముల జీడిపప్పులో 45 గ్రాముల కొవ్వు. నానబెట్టి అంతే నీళ్లతో రుబ్బినా 20 శాతం దాటుతుంది. మయోనైజ్‌తో పోలిస్తే మూడో వంతు కన్నా తక్కువే, పుట్నాల సాస్‌కు నాలుగు రెట్లు. వేరుశనగ పచ్చడి కూడా అంతే, పల్లీల్లో సగానికి సగం నూనే. కొబ్బరి పచ్చడిలో మొత్తం కొవ్వు మయోనైజ్ కన్నా బాగా తక్కువే అయినా, ఉన్నదాంట్లో ఎక్కువ భాగం సంతృప్త కొవ్వు. మయోనైజ్‌లో వాడే సన్‌ఫ్లవర్, సోయా నూనెల్లో అది తక్కువ. గేదె పాల పనీర్‌లో 20 శాతానికి పైగా కొవ్వుంటుంది. ఇవన్నీ మంచి ఆహారాలే. మయోనైజ్ మానేశామన్న ధీమాతో గిన్నెలకు గిన్నెలు తినకుండా ఉండేందుకే ఈ అంకెలు.

బజారులో కొనేటప్పుడు సీసా ముందున్న మాటలకన్నా వెనకున్న పట్టిక చూడాలి. పదార్థాల జాబితా బరువు ఎక్కువ ఉన్నదానితో మొదలవుతుంది. మొదటి మాట నూనె అయితే లోపల ఉన్నది ప్రధానంగా నూనే. ‘100 గ్రాములకు మొత్తం కొవ్వు’ అనే వరస చూస్తే ఇక వేరే ఏ మాటా అక్కర్లేదు. మన దేశ నిబంధనల ప్రకారం ‘తక్కువ కొవ్వు’ అని రాయాలంటే ఘనపదార్థంలో 100 గ్రాములకు 3 గ్రాములు మించకూడదు. ఆ కొలతకు పైన చెప్పిన ఇంటి సాస్‌లు కూడా తూగవు. అవి మయోనైజ్‌లో పదో వంతు, పదిహేనో వంతు కొవ్వున్నవి, అంతే. కొవ్వు తగ్గించిన కొన్ని సీసాల్లో పంచదార పెరిగి ఉంటుంది కాబట్టి చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు ఆ వరస కూడా చదవాలి.

పిల్లల బాక్సు, అలవాటు మార్పు

పొద్దున ఏడున్నరకు కట్టిన బాక్సు పన్నెండున్నరకు తెరుస్తారు. మధ్యలో అయిదు గంటలు, అందులో కొంతసేపు ఎండలో. 32 డిగ్రీలు దాటిన వేడిలో గుడ్డు, పాల పదార్థాలు బయట గంటకు మించి ఉండకూడదన్నది ఆహార భద్రతలో మామూలు నియమం. ఉడికించిన గుడ్డు సాసూ, పాల సాసూ బాక్సుకు వద్దు. పెరుగులో పులుపు ఉండటం వల్ల అది కాస్త నయం గానీ, మధ్యాహ్నానికి పుల్లబడి బ్రెడ్ తడుస్తుంది. బాక్సుకు పప్పులపొడే సరైనది. రెండు పెద్ద చెంచాల పప్పులపొడికి ఒక చిన్న చెంచా నూనె కలిపి, కాల్చిన బ్రెడ్ మీద పలచగా పూసి, తుడిచిన కీరదోస ముక్కలు పెడితే మధ్యాహ్నానికీ బాగుంటుంది. కీరదోస గింజల భాగం తీసేయాలి, నీళ్లన్నీ అక్కడే ఉంటాయి.

మయోనైజ్‌కు అలవాటుపడ్డ నాలుకకు ఒక్కరోజులో మార్పు నచ్చదు. మొదటి వారం మయోనైజ్, వడకట్టిన పెరుగు సమానంగా కలిపితే కొవ్వు 41 శాతానికి వస్తుంది. రెండో వారం ఒక వంతుకు రెండు వంతుల పెరుగు, 30 శాతం. నెలకల్లా ఒకటికి నాలుగు, 20 శాతం. ఆ పైన పూర్తిగా పెరుగుకో పుట్నాలకో మారడం కష్టం కాదు. కలిపింది ఏ రోజుకారోజు తినేయాలి. సీసాలోని మయోనైజ్‌కు నిల్వగుణం ఇచ్చే పులుపు, ఉప్పు పెరుగు కలిపితే పలచబడతాయి.

నిల్వ లెక్క కూడా తెలిసుండాలి. పుట్నాల సాస్ ఫ్రిజ్‌లో రెండు రోజులు, వడకట్టిన పెరుగు ఉప్పు, వెల్లుల్లి కలపకుండా నాలుగు రోజులు, కలిపాక ఒక రోజు. గుడ్డు సాస్‌లు రెండూ రెండు రోజులు. శనగల సాస్ మూడు రోజులు, అంతకన్నా ఎక్కువ కావాలంటే ఉడికించిన శనగలను రుబ్బకుండా డీప్ ఫ్రిజ్‌లో పెట్టుకుని కావలసినప్పుడు వేడినీళ్లలో తేల్చి రుబ్బుకోవచ్చు. కరెంటు పోయి ఫ్రిజ్ నాలుగు గంటలకు పైగా ఆగిన రోజున గుడ్డు, పాలు ఉన్న సాస్‌ను వాసన చూసి తేల్చుకోవద్దు. సాల్మొనెల్లా పెరిగినా వాసన మారకపోవచ్చు, దాన్ని పారేయడమే.